పావలా కాసంత చేప

న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరోకి సముద్రం లేదు. ఒకప్పుడు ఆవులుండేవి, ఇప్పుడు అవీ లేవు. 1930లో ఇక్కడి వాకర్-గోర్డన్ పాడిపొలంలో రోటోలాక్టర్ అని ఒక గుండ్రటి తిరుగుడు వేదిక పెట్టారు. 50 ఆవులు దానిమీదికెక్కి నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి పాలు పితకడం పూర్తయ్యేది. జనం పనిగట్టుకుని వచ్చి చూసేవారట. బోర్డెన్ పాల కంపెనీ ప్రకటనల్లో నవ్వే ఎల్సీ అనే ఆవు ఉండేది కదా, అది 1941లో లారీ ప్రమాదం తర్వాత ప్రాణం విడిస్తే పూడ్చిపెట్టింది ఈ ఊళ్ళోనే. పాడి పోయింది, పొలాల్లో అపార్టుమెంట్లు లేచాయి, అపార్టుమెంట్లలో మనం దిగాం. ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్, రేవెన్స్ క్రెస్ట్. పేర్లన్నీ అడవివి, మెట్లెక్కితే ఇంగువ పోపు వాసన.

నీళ్ళు చూడాలనిపిస్తే ప్లెయిన్స్‌బరో ప్రిజర్వ్‌లో మెకార్మక్ చెరువు ఒకటుంది. ఇసుకా కంకరా తవ్వుకుపోగా మిగిలిన గొయ్యి అది. గట్టు పక్కన నడిచి, బాతుల్ని చూసి, ఇంటికొచ్చి టీ పెట్టుకోవచ్చు. సముద్రమంటే మాత్రం మావాళ్ళకి వెకేషనే. ఫిబ్రవరిలో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చినవాళ్ళు ముందు అడిగేది అదే: "స్ప్రింగ్ బ్రేక్‌కి ఎటు?" ఎటు అన్నది బీచి అందాన్ని బట్టి తేలదు, పాస్‌పోర్టులో ముద్రని బట్టి తేలుతుంది. హెచ్-1బీ మీదున్నవాళ్ళు దేశం దాటితే మళ్ళీ స్టాంపింగ్ గొడవ. అందుకే హవాయి, ప్వెర్టో రికో, వర్జిన్ ఐలాండ్స్. మూడూ అమెరికావే. సెయింట్ థామస్ నుంచి తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో కాగితాలు అడుగుతారని ఈతబట్టల మధ్య హెచ్-1బీ అనుమతిపత్రం ఐ-797 మడిచి పెట్టుకెళ్ళే జాతి మనది.

వెళ్ళొచ్చినవాళ్ళ ఫోన్లలో ఫోటోలు చూస్తాను. నీలం నీళ్ళు, కళ్ళకి మాస్కు, నోట్లో గొట్టం, పైకెత్తిన బొటనవేలు. "చేపలు కనిపించాయా?" అంటే "అబ్బో, ఎన్ని రంగులో!" అంటారు. "ఏ చేపలు?" అంటే కాసేపు ఆలోచించి, "పసుపుది ఒకటి, నీలంది ఒకటి, ఒకటేమో చారలది" అంటారు. "నీమో కనిపించిందా?" అని పక్కన పిల్లలు అడుగుతారు. నీమో జాతి హిందూ మహాసముద్రానిది, పసిఫిక్‌ది. కరిబియన్‌లో ఎంత వెతికినా దొరకదు, హవాయిలోనూ దొరకదు. ఆ మాట చెబితే పిల్లల మొహాలు వాడిపోతాయని ఎవరూ చెప్పరు.

ఇందులో ఎవర్నీ తక్కువ చెయ్యడం లేదు. మొదటిసారి నీళ్ళలో మొహం పెట్టినప్పుడు ఎవరికైనా కనిపించేవి రంగులే. చేపలు కనిపించవు. కారణాలున్నాయి. మాస్కు అద్దం వెనక గాలి ఉండటంవల్ల నీటిలో ఏ వస్తువైనా మూడో వంతు పెద్దదిగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. చెయ్యి చాపితే అందదు. పైగా మన ఊపిరి చప్పుడు మన చెవులకే బుసలా వినిపిస్తుంది. మనసంతా ఊపిరి మీదుంటే చూపు చేప మీద నిలిచేదెక్కడ?

మనకి ఇంకో చిక్కు కూడా ఉంది. మాది కాకినాడ. మాఘమాసంలో సముద్రస్నానానికి తీసుకెళ్ళేవారు. నానమ్మ చెయ్యి పట్టుకుని, ముక్కు మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మూడు మునకలు వేసి పైకి వచ్చేయడమే. అలల్లో నిలబడి దణ్ణం పెట్టుకోవడం తెలుసు, ఉప్పునీళ్ళు మింగితే ఉమ్మేయడం తెలుసు. ఆ నీళ్ళలో కళ్ళు తెరవొచ్చని మాత్రం ఎవరూ అనలేదు. సముద్రం పక్కనే పెరిగి సముద్రాన్ని పైనుంచే చూసినవాళ్ళం. కోస్తా జిల్లాల్లో పుట్టిన నాలాంటివాళ్ళని అడిగి చూడండి, నూటికి తొంభైమంది ఇదే చెబుతారు. నలభై ఏళ్ళు దాటాక, ఏదో ఒక దీవిలో, అద్దెకు తెచ్చిన మాస్కు పెట్టుకుని మొదటిసారి అడుగు చూసినవాళ్ళమే.

నాకు అది సెయింట్ జాన్ దీవిలో ట్రంక్ బేలో జరిగింది. 1956లో ఏర్పడిన వర్జిన్ ఐలాండ్స్ నేషనల్ పార్కులో ఉంది ఆ బీచి. ఈతగాళ్ళ కోసం నీటి అడుగున పలకలు పెట్టారు, వాటి మీద చేపల గురించీ పగడాల గురించీ రాశారు. మ్యూజియంలో నడిచినట్టు పలక నుంచి పలకకి ఈదుకుంటూ పోతారు జనం. పలకలు చదువుతారు కాబట్టి చేపల్ని చూడరు! మా ఆయనా అంతే, పలకలన్నీ పూర్తిచేసి వచ్చి "అయిపోయింది" అన్నారు, ఏదో ట్రైనింగ్ మాడ్యూల్ ముగించినట్టు.

అలిసిపోయి నేను ఒక బండ పక్కన ఆగిపోయాను. ఈదడం మానేసి ఊరికే తేలుతూ ఉన్నాను. అప్పుడు చూశాను. బండ మీద ఊదారంగు మరక ఒకటి, అరచెయ్యంత. దాని ముందు చారల చేప ఒకటి అటూ ఇటూ పచార్లు చేస్తోంది. సార్జెంట్ మేజర్ అంటారు దాన్ని, ఒంటిమీద సైన్యపు పట్టీల్లా నల్ల చారలుంటాయి కాబట్టి. మామూలుగా వెన్ను పసుపుగా ఉండాలి, ఇది ముదురు నీలానికి తిరిగి ఉంది. ఆ మరక గుడ్ల పొర. గుడ్లకి కాపలా కాసేది మగచేప, కాపలాలో ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు అలా నల్లబడుతుంది. ఇంకో చేప ఏదో దగ్గరికొస్తే తరిమేసింది. తర్వాత నా మాస్కు మీదికే దూసుకొచ్చింది. నా చెయ్యంత కూడా లేదు. నేనే వెనక్కి జరిగాను.

దాన్ని గుర్తుపట్టాక మిగతావి ఒక్కొక్కటే తేలాయి. పసుపుది ఒకటి, నీలంది ఒకటి అనుకున్నవి రెండూ ఒకే జాతి. బ్లూ టాంగ్ చేప పిల్లప్పుడు నిమ్మపండు రంగులో ఉంటుంది, పెద్దయ్యాక నీలమవుతుంది. ఇందాకటి నుంచి కరకర వినిపిస్తున్న చప్పుడు ఎవరో రాళ్ళు తొక్కడం కాదు, ప్యారట్‌ఫిష్ చిలకముక్కులాంటి పళ్ళతో బండ మీది నాచు గీక్కుతింటోంది. నాచుతో పాటు పగడపు సున్నాన్నీ మింగి, గొంతులోని పళ్ళతో నూరి, ఇసుకగా వదిలేస్తుంది. పగడపు తీరాల్లో తెల్ల ఇసుకలో చాలా భాగం అలా తయారయ్యిందే. కొత్త దంపతులు ఆ ఇసుకలో పడుకుని ఫోటోలు దిగుతుంటారు, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరైనా వాళ్ళకి చెబితే ఎలా ఉంటుందో! రాత్రి నిద్రకి కొన్ని ప్యారట్‌ఫిష్‌లు నోటి నుంచి జిగురు తీసి ఒంటిచుట్టూ దోమతెర కట్టుకుంటాయి. చాలా జాతుల్లో ఆడవి కొన్ని పెద్దయ్యాక మగవిగా మారతాయి, రంగూ మారుతుంది. కాబట్టి రంగు చూసి చేప పేరు చెప్పేద్దామంటే కుదరదు. రంగు వయసుని చెబుతుంది, భయాన్ని చెబుతుంది, కాపలాని చెబుతుంది. చేప ఎవరో చెప్పాలంటే ఆకారం చూడాలి, నడక చూడాలి, ఏం తింటోందో చూడాలి. మన వీధిలో మనిషిని వెనకనుంచి నడక చూసి పోల్చుకుంటామే, ఆ పరిచయం కావాలి.

ఆ పరిచయాన్ని ఒక పద్ధతిలో పెట్టినవాళ్ళు ఫ్లోరిడాలో ఉన్నారు. పాల్ హ్యూమన్, నెడ్ డిలోచ్ అనే ఇద్దరు డైవర్లు చేపల్ని నీళ్ళలోనే చూసి గుర్తుపట్టడానికి ఒక పుస్తకం వేశారు, 1990లో రీఫ్ అనే సంస్థ పెట్టారు. శాస్త్రవేత్తలు కానివాళ్ళు కూడా ఎక్కడ ఈదినా చూసిన చేపల్ని రాసి వాళ్ళకి పంపవచ్చు, 1993 నుంచి అలా పోగవుతున్నాయి. ఎన్ని చూశారో అంకెల్లో రాయక్కర్లేదు. ఒక్కటే, కొన్ని, చాలా, లెక్కలేనన్ని, ఈ నాలుగింట్లో ఒకటి రాస్తే చాలు. కొన్ని అంటే 10 లోపు, చాలా అంటే 100 లోపు. ఇంటికి కూరలు తెచ్చే లెక్కలా హాయిగా ఉంది. ఒక షరతు మాత్రం ఉంది: ఖాయంగా గుర్తుపట్టినదాన్నే రాయాలి. "పసుపుది ఒకటి" అని రాస్తే ఒప్పుకోరు.

నిజానికి చేపల్ని ఇలా పేరుపేరునా ఎరిగినవాళ్ళు మన తీరంలో ఎప్పటినుంచో ఉన్నారు. మా నాన్న చేపల బజారులో నిలబడితే, మొప్ప ఎత్తి చూడకముందే అది ఎప్పటి చేపో చెప్పేవాడు. అమ్మే ఆవిడ ఆయన్ని మించిన మనిషి. "నల్ల చందువ కాదు బాబూ, తెల్లదే" అని తిప్పి చూపించేది. ఆ పరిజ్ఞానం చిన్నదేం కాదు, లండన్‌లో అచ్చయింది కూడా. ప్యాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండ్ వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. రక్తపింజరకి ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అన్న పేరు ఈయనవల్ల వచ్చిందే. విశాఖ జాలర్లు తెచ్చిన చేపల బొమ్మలు గీయించి, 200 చేపలతో రెండు సంపుటాలు 1803లో వేయించాడు. చాలా చేపల కింద జాలర్లు చెప్పిన పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో దించాడు. నల్ల చందువ, తెల్ల చందువ, కోనాం, వంజరం అన్నీ కొంచెం నత్తితో అందులో ఉన్నాయి. అందులోనే 'కోడిపుంగి' అని ఒకటుంది. మన చెవికి కోడిపుంజనే వినిపిస్తుంది. బొమ్మ చూస్తే అనుమానం అక్కర్లేదు: ఒంటినిండా చారలు, విచ్చుకున్న ఈకల్లాంటి రెక్కలు, వీపు మీద నిక్కపొడుచుకున్న ముళ్ళు. ఇంగ్లీషులో లయన్‌ఫిష్. తర్వాత 1831లో బెన్నెట్ ఆ జాతికి రస్సెల్ పేరు పెట్టాడు. 1852లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు కోడిపుంగి అన్న మాటనే లాటిన్ పేరుగా పెట్టాడు గానీ, పాత పేరే నిలిచింది. చేపని పట్టి, పోల్చి, పేరు చెప్పిన జాలరి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ కోడిపుంజుకి చుట్టాలైన రెండు జాతులు ఇప్పుడు కరిబియన్‌ని కాల్చుకు తింటున్నాయి. ఇంట్లో అక్వేరియంలో పెంచుకున్నవాళ్ళు మోజు తీరాక సముద్రంలో వదిలేశారంటారు. 1985లో ఫ్లోరిడా తీరంలో మొదట కనిపించాయి, ఆ తర్వాత బెర్ముడా నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా పాకిపోయాయి. ముళ్ళలో విషం, తినేవాళ్ళు తక్కువ, తినేది మాత్రం కనిపించిన ప్రతి చేపపిల్లనీ. కనబడితే పొడిచేయమంటున్నారు, పోటీలు పెట్టి పట్టిస్తున్నారు, హోటళ్ళలో వండి పెడుతున్నారు. మన విశాఖ జాలరికి ఈ కబురు చెబితే, కోడిపుంజుని కొయ్యడానికి పోటీలెందుకు బాబూ అని నవ్వుతాడు. ఈ చేప పిల్లలు కొన్ని వేసవి చివర్లో ఇంకా ఉత్తరానికి, లాంగ్ ఐలాండ్ దాకా వచ్చి కనిపిస్తున్నాయి. అక్కడిదాకా ఈదుకుంటూ రాలేదు. మోసుకొచ్చింది గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం.

ఇక్కడ మళ్ళీ మా ఊరి ప్రసక్తి తేవాలి. ప్లెయిన్స్‌బరోకి సముద్రం లేదన్నాను గానీ, సముద్రాన్ని లెక్కకట్టినది మాత్రం ఇక్కడే. రూట్ 1 పక్కన ఫారెస్టల్ క్యాంపస్ ఉంది. ఉత్తరాల చిరునామాలో ప్రిన్స్‌టన్ అని రాసుకుంటారు, ఉన్నది మాత్రం మా టౌన్‌షిప్‌లో. (ఈ పిచ్చి ఇక్కడ అపార్టుమెంటు అద్దెకిచ్చేవాళ్ళకీ ఉంది.) వాతావరణాన్నీ సముద్రాన్నీ కంప్యూటర్లో నడిపి చూసే ప్రభుత్వ ప్రయోగశాల, జీఎఫ్‌డీఎల్, 1968లో వాషింగ్టన్ నుంచి ఇక్కడికి మారింది. మరుసటి ఏడు, 1969లో, స్యుకురో మనాబే, కర్క్ బ్రయాన్ అనే ఇద్దరు గాలినీ సముద్రాన్నీ ఒకే లెక్కలో ముడేసి మొదటిసారి నడిపించారు. ఖండాల అసలు ఆకారాలు కూడా ఆ లెక్కలో పట్టలేదు, అప్పటి కంప్యూటరు స్తోమత అంతే. మనాబేకి 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. పొద్దున్నే రూట్ 1 మీద ఎర్రదీపం దగ్గర ఆగి విసుక్కునే మావాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, వాళ్ళ కారు కిటికీకి కనుచూపు మేరలోనే సముద్రం లెక్కలు నడుస్తుంటాయి.

ఇక చేపపిల్లల్ని మోసుకొచ్చే ఆ గల్ఫ్ స్ట్రీమ్‌కి మొదట పటం గీయించి అచ్చువేసినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన వలస రాజ్యాల పోస్టుమాస్టరు. ఇంగ్లండు నుంచి న్యూయార్కు వచ్చే టపా ఓడలకి వారాల తరబడి ఆలస్యం ఎందుకవుతోందని, తిమింగలాల వేటలో ఆరితేరిన నాన్‌టకెట్ కెప్టెన్ టిమొతీ ఫోల్జర్ అనే తన బంధువుని అడిగాడు. సముద్రం మధ్యలో ఎదురు ప్రవహించే నది ఉంది, మీ కెప్టెన్లు దాని మీదికే ఓడ నడుపుతున్నారు, చెబితే వినరు అన్నాడాయన. ఆయన గీసిచ్చిన పటం 1769-70 ప్రాంతంలో అచ్చయింది. ఇక్కడా తెలిసినవాడు వేటగాడే.

ఆ వేడినీటి ప్రవాహం ఫ్లోరిడా దగ్గర మొదలై తీరాన్ని ఆనుకుని ఉత్తరానికి వచ్చి, నార్త్ కరొలైనాలో కేప్ హాటరస్ దగ్గర సముద్రంలోకి తిరిగిపోతుంది. తిరిగేటప్పుడు మెలికలు పడి, కొన్ని మెలికలు తెగి, వెచ్చటి సుడులుగా మా న్యూజెర్సీ వైపు వస్తాయి. దక్షిణాది పగడపు చేపల గుడ్లూ పిల్లలూ వాటిలో ఉంటాయి. సీతాకోకచిలుక చేపల పిల్లలైతే పుట్టాక వారాల తరబడి నడిసముద్రంలోనే తేలుతుంటాయి, ఆ వయసులో వాటి తలకి ఎముక పలకల కవచం ఉంటుంది. ఆ సుడి తెగి గాలి తీరంవైపు తిరిగితే, జూలై ఆఖరు నుంచి అక్టోబరు దాకా ఈ చేపపిల్లలు జెర్సీ షోర్ కయ్యల్లో దిగుతాయి. టకర్టన్ దగ్గర రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ సముద్ర పరిశోధన కేంద్రం 1989 నుంచి లిటిల్ ఎగ్ ఇన్లెట్ లోపలివైపు వల వేసి, లోపలికి వచ్చే చేపపిల్లల్ని నమోదు చేస్తోంది. శాండీ హుక్‌లో 1961లో పుట్టిన అమెరికన్ లిటొరల్ సొసైటీ వాళ్ళు ఇద్దరు చెరో కర్రా పట్టుకుని లాగే చిన్న వలతో జనానికే చూపిస్తుంటారు. మన అలివి వలకి మనవరాలన్నమాట. ఈ సంగతి తెలిసేనాటికి మేము హవాయి హనౌమా బేకి కూడా వెళ్ళొచ్చాం. మా ఇంటి నుంచి కారులో గంట దూరంలో పగడపు చేపలుంటాయన్నది మా ప్రయాణాల ఎక్సెల్ షీటులో ఎక్కడా లేదు.

మనాస్క్వాన్ నది సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన ఒక రైలు వంతెన ఉంది, పాయింట్ ప్లెజంట్ వైపు. న్యూజెర్సీ డైవర్లందరికీ తెలిసిన చోటే. పోటు పూర్తయి నీళ్ళు కదలకుండా నిలిచే కాసేపట్లోనే దిగాలి, తర్వాత వడి పట్టుకుంటుంది. సెప్టెంబరులో వెళ్ళాం. అప్పుడు అమ్మ ఇక్కడే ఉంది, విజిటర్ వీసా మీద. స్వెట్టరు వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని గట్టున మడత కుర్చీలో కూర్చుంది. పక్కన గాలం వేసుకున్న ముసలాయన బకెట్లోకి తొంగిచూసి ఆయనతో సైగల్లో స్నేహం కలిపేసింది.

నీళ్ళు హవాయిలా లేవు. పచ్చగా, మసగ్గా, చాపిన చెయ్యి కనిపించేంత. వంతెన స్తంభాల నిండా ఆలిచిప్పలు, వాటి సందుల్లో పీతలు. గోధుమరంగు టాటాగ్ చేపలు రాయి రంగులో కలిసిపోయి కూర్చున్నాయి. చూడగానే 'వావ్' అనిపించేది ఏమీ లేదు. అందుకేనేమో కళ్ళు పనిచెయ్యడం మొదలెట్టాయి. ఒక రాతి పగులు దగ్గర తెల్లగా ఏదో మెరిసి ఆరిపోయింది. మళ్ళీ మెరిసింది. ఆగి చూస్తే చేప, పావలా కాసంత. ఇక్కడి క్వార్టర్ బిళ్ళకి సరిగ్గా సరిపోతుంది. తెల్లటి ఒళ్ళు, పసుపు రెక్కలు, కంటి మీదుగా నిలువునా కాటుక గీత, వెనక రెక్క మీద నల్లటి చుక్క. స్పాట్‌ఫిన్ బటర్‌ఫ్లై. అసలు కన్ను గీతలో దాక్కుంటుంది, దొంగ కన్ను తోకవైపు ఉంటుంది. వేటాడేది తల అనుకుని తోక మీద పడితే ఇది ఎదురు దిక్కుకి జారుకుంటుంది. పక్కకి తిరిగితే కాసంత కనిపిస్తుంది, నాకెదురుగా తిరిగితే మాత్రం సన్నగీత, దాదాపు మాయం. అలా తిరుగుతూ మాయమవుతూ, ఆలిచిప్పల మీద ఏదో ముక్కున పొడుచుకుంటూ, రెండడుగుల మేర దాటకుండా ఉంది. ట్రంక్ బేలో దీని బంధువులు జంటలుజంటలుగా తిరుగుతుంటే ఒక్కసారి చూసి ముందుకెళ్ళినదాన్ని. ఇక్కడ మాత్రం పళ్ళు కొట్టుకునేదాకా కదల్లేదు. పైన రైలు వెళ్ళింది, వంతెన మొత్తం అదిరింది. చేప పట్టించుకోలేదు.

పైకి వచ్చి అమ్మకి చెప్పాను.

"ఎంతుందే?"

"పావలా కాసంత."

"అది పులుసుకా, వేపుడుకా?"

"తినరమ్మా దాన్ని."

"తిననిదానికా ఇంతసేపు? ఈ ముసలాయన చూడు, పొద్దున్నుంచి కూర్చుంటే రెండు పడ్డాయి. ఒకటి పొట్టిదని మళ్ళీ నీళ్ళలో వదిలేశాడే! మనవాళ్ళైతే వదులుతారా?" అని, కాస్త ఆగి, "ఆ కాటుక గీత ఎటు ఉంటుందన్నావ్?" అంది.

ఆ చేప ఏమవుతుందో కూడా చెప్పాలి. వేసవి చివర ఇక్కడి నీళ్ళు 22 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. నవంబరుకి పడిపోతాయి, ఫిబ్రవరిలో 4 దాకా దిగుతాయి. సీతాకోకచిలుక చేపలు నీళ్ళు 12 డిగ్రీలకి వచ్చేసరికి తిండి మానేస్తాయి, 10 దగ్గర చచ్చిపోతాయి. మళ్ళీ దక్షిణానికి ఈదుకుపోయే దారి వాటికి లేదు. ఏటా వస్తాయి, ఏటా పోతాయి. గల్ఫ్ స్ట్రీమ్ అనాథలు అంటారు వాటిని ఇక్కడివాళ్ళు.

ఈ సంగతి మా తెలుగు సంఘం పిక్నిక్‌లో చెబితే ఒకాయన వెంటనే, "అచ్చం మనలాగే కదండీ, కొట్టుకొచ్చాం, తిరిగి వెళ్ళలేం" అని నిట్టూర్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేను ఊపలేదు. మనం కొట్టుకురాలేదండీ. జీఆర్‌ఈ రాసి, అప్పుచేసి, వీసా ఫీజు కట్టి, కిటికీ సీటు ఎంచుకుని మరీ వచ్చాం. చలేస్తే హీటరు వేసుకుంటాం, బెంగపడితే డిసెంబరుకి టికెట్ కొనుక్కుంటాం. ఆ పిల్లచేప దేన్నీ ఎంచుకోలేదు. దాని చావుని మన బెంగకి అలంకారంగా తగిలించుకోవడం నాకు నచ్చదు. మనలా ఉందని కాదు, మనలా లేదనే దాన్ని చూడాలి. చేపని చేపగా చూడటం అంత తేలికేం కాదు. ఒకాయన దాన్ని ప్రవాసిని చేస్తాడు, అమ్మ పులుసు చేస్తుంది. రెండింటిలో అమ్మదే నయం, కనీసం కాటుక గీత గురించి అడిగింది.

హవాయికి వెళ్ళొద్దని నేను అనను. ఆ రాష్ట్రపు చేప పేరు హుముహుమునుకునుకుఆపుఆఅ. పిల్లల చేత పలికించండి, ఇంట్లో వారం రోజుల వినోదం. అక్కడి పగడపు చేపల్లో నాలుగో వంతు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు, చూసి తీరాల్సిందే. హనౌమా బేలో ముందు వీడియో చూపించి గానీ నీళ్ళలోకి వదలరు, ఆ వీడియో వేసేటప్పుడు ఫోన్లు లోపల పెట్టండి. పగడాలకి హానిచేసే ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ 2021 నుంచి ఆ రాష్ట్రంలో అమ్మకూడదు. న్యూజెర్సీలో కొని పెట్టెలో పెట్టుకెళ్ళకండి.

కానీ ఆ ప్రయాణానికి ముందు సెప్టెంబరులో ఒక శనివారం ఖాళీ చేసుకోండి. ప్లెయిన్స్‌బరో నుంచి 195 మీదుగా గంట, గంటంబావు. పోటుపాట్ల పట్టిక చూసుకుని, పోటు నిండటానికి అరగంట ముందు చేరుకోండి. ఒంటరిగా దిగవద్దు. పడవలు తిరిగే చోటు, నీటిమీద తేలే ఎర్రజెండా లేకుండా అసలు దిగవద్దు. ఈత రానివాళ్ళు లిటొరల్ సొసైటీ వాళ్ళ వల లాగే రోజు చూసుకుని శాండీ హుక్ వెళ్ళండి, మోకాళ్ళ లోతు చాలు. వలలో పడ్డదాన్ని పిల్లలకి చూపించి, పేరు అడిగి, నీళ్ళలో వదిలేయండి. అక్టోబరు దాటితే మాత్రం వెళ్ళి లాభం లేదు, చేపలుండవు.